చేతిలో షిఫా లేని డాక్టరు

నర్సంపేట,
జూలై 9.

డాక్టర్ యమున గారికి,

గారు అన్నది మర్యాదతో కాదు. డెంటల్ కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో, ఒకే బకెట్టుతో చదువు వెళ్లదీసిన మనిషిని ఇప్పుడు ఉత్త పేరుతో పిలవడానికి నాకు మనసొప్పలేదు. ఫోన్ చేయవచ్చు కదా అంటావు. చేస్తే నీ గొంతు వినాలి. ఆ గొంతు వీడియోల్లో నాకు చాలినంత వినపడుతోంది. అందుకే ఈ ఉత్తరం ల్యాబ్ యాకయ్య సంచిలో వేస్తున్నాను. నా పేషెంట్ల పళ్ల అచ్చులు ఇక్కడినుంచి వరంగల్ ల్యాబుకు మోసేది ఆయనే. నీ క్లినిక్‌కూ వస్తాడట. మనిద్దరి మధ్య మిగిలిన సంబంధం ఆ సంచి ఒక్కటే.

నీ వీడియో చూశాను. "మీ నోట్లో విషం ఉందా?" అట పేరు. గులాబీ రంగు కోటు వేసుకుని, ఎవరో పిల్ల నోరు తెరిపించి, దవడ పంటిలోని నల్లటి ఫిల్లింగును పుట్టలో పామును చూపించినట్టు చూపించావు. వెనక సంగీతం కూడా పెట్టించావు. పాదరసం, పాదరసం అని ఊపిరి తిప్పుకోకుండా అన్నావు గానీ, వెండీ తగరమూ రాగీ కలిసిన పొడిలో అది గట్టిపడ్డాక బయటికి వచ్చేది ఎంతో చెప్పలేదు. చెప్పలేవులే. పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు ఎవరి పేపరు చూసి రాశావో నాకు బాగా గుర్తుంది.

ఇక అసలు సంగతి. మా చెల్లెలు నాజియా నీకు గుర్తుండే ఉంటుంది. రెండు జడలేసుకుని హాస్టల్‌కు సేమియా డబ్బా తెచ్చేది, సగం నువ్వే తినేదానివి. మీ వరంగల్ కాశిబుగ్గలో జంపఖానాలు నేసే ఇంటికి కోడలైంది. భర్త అమాన్, అత్త బేగం బీ. దాని దవడ పళ్లలో మూడు మెటల్ ఫిల్లింగులున్నాయి. మూడూ పెళ్లికి ముందు నేను పెట్టినవే. ఇప్పుడు అది కడుపుతో ఉంది. మూడు నెలలు నిండాయని మొన్ననే మా అమ్మీ చెప్పింది. నీ వీడియో చూసి, ఆ మూడింటినీ పీకించి పంటి రంగువి పెట్టించాలని, అదీ నీ చేతే పెట్టించాలని ఆ ఇంటివాళ్లు పట్టుబట్టి కూర్చున్నారట.

తీయవద్దు. బాగున్న ఫిల్లింగు దాని మానాన అది ఉంటే ఏమీ కాదు. డ్రిల్లు పెట్టి చెక్కినప్పుడే ఆవిరి లేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లకు కొత్తది పెట్టకూడదు, పాతదాన్ని కదపకూడదు. ఇది నీకు నేను చెప్పాల్సి రావడమే నీకు సిగ్గు. కాన్పయ్యి, పిల్ల పాలు మానేశాక దాని నోట్లో ముత్యాలు పొదుగుకో, నేను అడగను. స్వయంగా వచ్చి చెప్పేదాన్ని, క్లినిక్ వదిలి రావడం కుదరడం లేదు.

ఫర్జానా


వరంగల్,
జూలై 16.

ఫర్జానా,

నీ ఉత్తరం అందింది. కవరు నిండా అచ్చులు తీసే పొడి అంటుకుని ఉంది. నీ శుభ్రత హాస్టల్లో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, ఒక్క అడుగు ముందుకు పడలేదు.

ఎరువుల దుకాణానికీ మిర్చీ బజ్జీల బండికీ మధ్య కుర్చీ వేసుకుని, వచ్చినవాడి పంట్లో వచ్చినట్టు నల్ల ముద్ద కూరి పంపే దానివి, నా కోటు రంగు గురించి నువ్వు మాట్లాడుతున్నావు. మెటల్ నిలవాలంటే బాగున్న పంటిని కూడా తవ్వి గుంత చేయాలి. తెల్లది అట్లా కాదు, పుచ్చినంత మేరకే తీస్తే చాలు, పంటిని పట్టుకుని కూర్చుంటుంది. "మా ఊరివాళ్ల నోరు తడి ఆరదు, వక్కలు నములుతారు, తెల్లది నిలవదు" అని నీ పాత పాట ఉండనే ఉంది. తడి ఆరబెట్టడానికి ఓపిక కావాలి. నీకు లేదు. అంతే సంగతి. పళ్లలో పాదరసం ఇంకొన్నేళ్లలో మానేయాలని దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్నాయి. వాళ్లంతా గులాబీ కోట్లే వేసుకుని కూర్చున్నారంటావా?

నీ చెల్లెలి సంగతి. వచ్చింది. అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. కడుపుతో ఉందని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. అడిగితే లేదన్నారు. తర్వాతి అపాయింట్‌మెంట్ రద్దు చేయించాను. నీ కళ్లు చల్లబడ్డాయా?

నేనూ ఒకటి అడుగుతాను. సొంత అక్క పళ్ల డాక్టరు. బస్సెక్కితే గంట ప్రయాణం. అట్లాంటప్పుడు ఆ పిల్ల నా దగ్గరికి ఎందుకొచ్చింది? కోటు చూసి వచ్చిందని మాత్రం రాయకు.

యమున


నర్సంపేట,
జూలై 24.

యమునా,

తర్వాతి అపాయింట్‌మెంట్ రద్దు చేశానన్నావు. తర్వాతిది అంటే ముందొకటి అయినట్టే కదా. ఆ ముందుదాంట్లో ఏం చేశావో మాత్రం రాయలేదు. దేశాలన్నీ ఏం ఒప్పుకున్నాయో పేజీ నింపావు, నా చెల్లెలి పన్ను ముట్టుకున్నావో లేదో రాయడానికి చోటు చాలలేదు. నీ వీడియోలూ ఇట్లాగే ఉంటాయి.

నువ్వడిగినదానికి జవాబు చెబుతాను. సూటిగా చెప్పడం ఎట్లాగో చూసి నేర్చుకో.

నాజియా నాతో మాట్లాడడం లేదు. ఇది దానికి మూడో కడుపు. ముందు రెండూ నిలవలేదు. రెండోది పోయిన వారానికి బేగం బీ మా అమ్మీకి ఫోన్ చేసింది. "మీ పెద్దబిడ్డ నా కోడలి నోట్ల జహర్ పెట్టిందట. డాక్టరమ్మ వీడియోల చెప్తాంది. ఇగ పిల్లలెట్ల నిలుస్తరు?" అంది. నాజియా పక్కనే ఉందట. ఒక్క మాట అనలేదట. ఆ రోజు నుంచి నా ఫోన్ ఎత్తలేదు. కుదరక రాలేకపోతున్నానని పోయిన ఉత్తరంలో రాశాను. కుదరక కాదు. ఆ ఇంటి గడప ఎక్కితే నా మొహం మీదే విషం పెట్టినదానా అంటారని భయం.

నా చేతితో పెట్టినదాని వల్ల నా చెల్లెలి బిడ్డలు పోయారని ఆ గల్లీ మొత్తం నమ్ముతోంది. కాదని నాకు తెలుసు. చదివాను, చూశాను, వెయ్యిమంది నోళ్లలో ఆ పని చేశాను. ఇంత తెలిసీ దాని పాత ఎక్స్‌రేలు తీసి రాత్రిళ్లు మళ్లీ మళ్లీ చూస్తున్నాను. మా అమ్మీ చూసుకోలేని రోజుల్లో దానికి తలదువ్వి బడికి పంపింది నేను. అది నన్ను అట్లా అనుకుంటోందంటే నేను తట్టుకోలేకపోతున్నాను.

జవాబు ఒక్క మాటలో రాయి. ముట్టుకున్నావా, లేదా?

ఫర్జానా


వరంగల్,
ఆగస్టు 2.

ఫర్జానా,

ముట్టుకున్నాను. ఒకటి తీసేశాను. కింది దవడలో ఎడమవైపుది. జూన్‌లో.

రబ్బరు తెర కట్టాను. పెద్ద సక్షన్ పెట్టాను. నీళ్లు కొడుతూ, పొడి చేయకుండా ముక్కలుగా కోసి తీశాను. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను. అంతకుముందు అడిగాను కూడా. కడుపుతో ఏమైనా ఉన్నావా అని నోరు తెరిచి అడిగాను. నాజియా అత్త వైపు చూసింది. అత్త, "ఏం లేదు, ఏం లేదు. మీ పని మీరు కానియ్యిండ్రి డాక్టరమ్మా" అంది. నీ ఉత్తరం అందాక పిలిపించి నిలదీస్తే ఏమందో తెలుసా? మూడు నెలలు నిండేదాకా బయటివాళ్లకు చెప్పకూడదట. నజర్ తగులుతుందట. "ముందు రెండుసార్లు అందరికి చెప్పుకున్నం, అందుకే గట్లయ్యింది" అంది. డాక్టరు కూడా బయటి మనిషే అన్నమాట. పుట్టబోయే పిల్ల కోసం విషం తీయించుకోవడానికి వచ్చి, పిల్ల ఉన్న సంగతే దాచిపెట్టారు. ఇంత తెలివిని భరించడం నా చదువుకు చేతకాదు.

గైనకాలజిస్టును అడిగాను. అంత జాగ్రత్తగా ఒక్కదాన్ని తీసినందుకు భయపడాల్సిన పని లేదంది. ఇంకే పేషెంటైనా అయితే నేనూ అదే చెప్పేదాన్ని. కానీ ఆ పిల్ల తెచ్చిన సేమియా తిన్నదాన్ని నేను. ఆమెకు ఏమైనా అయితే అన్న ఆలోచన వస్తే చేతిలో పని ఆగిపోతోంది.

మిగతా రెండూ తీయమని బేగం బీ రోజు విడిచి రోజు వస్తోంది. నేను కాదంటే ఇంకో క్లినిక్‌కు పోతామంటోంది. అక్కడ రబ్బరు తెరా ఉండదు, అడిగేవాడూ ఉండడు.

వీడియో తీసేయమని మాత్రం రాయకు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది అది చూసే వస్తున్నారు. దాచకుండా అన్నీ రాశాను. ఇక తిట్టు.

యమున


నర్సంపేట,
ఆగస్టు 11.

యమునా,

తిట్టను. తిట్టాలంటే అవతలి మనిషి మీద కొంచెమైనా గౌరవం ఉండాలి.

నువ్వు వీడియోలో చెప్పింది అబద్ధమైనా బాగుండేది, ఎవరో ఒకరు పట్టుకునేవారు. సగం నిజం చెప్పి మిగతా సగం నాలుక కింద దాచుకున్నావు. "పాదరసం మంచిది కాదు" అన్నావు. "ఉన్నదాన్ని మాత్రం కంగారుపడి పీకించుకోవద్దు, కడుపుతో ఉంటే అసలే వద్దు" అని అనలేదు. అంటే గిరాకీ ఆగిపోతుంది. నీకు కావాల్సినది భయం, అది బాగానే అమ్ముడుపోయింది. కొనుక్కున్నది నా చెల్లెలు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. బేగం బీనీ నాజియానీ పిలిపించు. కాన్పయ్యేదాకా మిగతా రెండూ కదపకూడదని చెప్పు. పోయిన పిల్లలకూ ఈ ఫిల్లింగులకూ సంబంధం లేదని కూడా చెప్పు. నేను చెబితే సొంత తప్పు కప్పుకుంటోందంటారు. నువ్వు చెబితే నమ్ముతారు. ఆ కోటు వేసుకునే చెప్పు, లేకపోతే బేగం బీ నిన్ను గుర్తుపట్టదు.

జాగ్రత్తగా మాట్లాడు. ఆమె సంగతి నాకు తెలుసు. పెళ్లి దావత్‌లో బిర్యానీ మూడుసార్లు వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుంటూ ఉప్పు తక్కువైందన్న మనిషి.

ఫర్జానా


వరంగల్,
ఆగస్టు 25.

ఫర్జానా,

చెప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముగ్గురూ వచ్చారు. అమాన్ గోడకు చేరబడి ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ మనిషికి నోరు లేదు, పళ్లు మాత్రం ఉన్నాయి. నువ్వు చెప్పమన్నదంతా చెప్పాను. బేగం బీ చివరిదాకా విన్నది. విని, "వీడియోల ఒక తీరు, గిక్కడ ఒక తీరా? పైసలకు గట్ల, దోస్తుకు గిట్లనా?" అంది. నువ్వు ఇన్ని కాగితాలు నింపి నన్ను అన్నదానికన్నా ఆ మాట గట్టిగా తగిలింది.

నేను బిక్కమొహం వేసేసరికి ఆమె నవ్వింది. పెద్దగా, వెటకారంగా. ఆ నవ్వులో పై దవడలో నల్లగా ఏదో కనపడింది. "అమ్మా, జర నోరు తెరువండి" అని కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేశాను. మెటల్ ఫిల్లింగులే. పాతవి, అరిగి నున్నబడ్డాయి. ఎప్పటివని అడిగాను.

"నా షాదీ అయిన కొత్తల. పెద్ద దవాఖానల ముసలి డాక్టర్ సాబ్ పెట్టిండు. గది చాందీ. అసలు వెండి. మా అత్తమ్మ పెట్టిన పట్టగొలుసులు అరిగిపోయినయ్ గని గివి అరగలే" అంది. కోడలి వైపు చూసి, "దీనికి పెట్టినట్టు పాదరసం గాదు" అని కూడా అంది.

ఆమె చేతికి అద్దం ఇచ్చాను. ముందు ఆమె నోరు, తర్వాత నాజియా నోరు చూపించాను. రెండూ ఒకటేనని చెప్పాను. ఆ రోజుల్లో అందరూ వెండి అన్నది దీన్నేనని, వెండి పొడిని పాదరసంతో నూరి ముద్ద చేసి పెట్టేవారని చెప్పాను. ఇన్నేళ్లూ ఆమె నోట్లో వెండి, కోడలి నోట్లో విషం అనుకుంటూ బతికింది. అద్దంలో చూసుకుంటూ వేలితో తన పన్నును తడుముకుంది. "గివి పెట్టినంకనే నలుగురు పుట్టిండ్రు నాకు" అంది మెల్లగా. నలుగురూ నిక్షేపంగా ఉన్నారు. గోడకు చేరబడ్డవాడు నాలుగోవాడు.

నాకు ఎంత సంతోషమేసిందో. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాను. అప్పుడామె అద్దం దించి నాజియాను చూసింది. కోపంగా కాదు. అంగట్లో బర్రెను చూసినట్టు పైనుంచి కిందిదాకా చూసింది. "అయితె పన్నుది కాదు. దీంట్లనే ఉన్నది ఏందో" అంది.

 అత్త బయటికి పోయాక నాజియా నా కొంగు పట్టుకుంది. "ఏం పని చేసినవ్ డాక్టరమ్మా. పన్నును మంచిదాన్ని చేసి నన్ను చెడ్డదాన్ని చేసినవ్" అంది. బయట బేగం బీ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. అద్దాల తలుపులోంచి వినపడింది. "గిది గుడ నిలవకపోతె ఇంకో పిల్లను చూస్తం మల్ల. ఎన్నేండ్లని చూడాలె" అంటోంది. అమాన్ అక్కడే ఉన్నాడు, విన్నాడు, ఫోన్ చూసుకున్నాడు.

మిగతా రెండు ఫిల్లింగులూ తీయించరు. మనం కోరింది జరిగింది. నేను చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. ఆ పిల్లకు మాత్రం ఇప్పుడు తిన్నదీ తప్పే, నడిచిందీ తప్పే. నాకేమీ తోచడం లేదు. నీకు అన్నీ తెలుసు కదా, ఏం చేయాలో చెప్పు.

యమున


నర్సంపేట,
సెప్టెంబర్ 3.

యమునా,

నీ ఉత్తరం చదివిన రోజే క్లినిక్‌కు తాళం వేసి బస్సెక్కాను.

సంచి నిండా కాగితాలు పెట్టుకుని వెళ్లాను. పరిశోధనలు, నాజియా పాత రిపోర్టులు, అన్ని పరీక్షలూ సరిగ్గా ఉండి కూడా కడుపు పోవడం మామూలేనని, చాలాసార్లు కారణమే దొరకదని పెద్ద పెద్ద డాక్టర్లు రాసినవి. ఒక్కొక్కటీ చదివి వినిపించి ఆ ముసలామె నోరు మూయిద్దామనుకున్నాను. దారి పొడుగునా అదే ఊహించుకుంటూ పోయాను.

బేగం బీ మంచం మీదినుంచి లేవలేదు. "మా ఇంట్ల ఇంకెవరి పండ్లు మిగిలినయని వచ్చినవ్?" అంది. నాజియా వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. కడుపు బాగా కనపడుతోంది, మనిషి మాత్రం చిక్కిపోయింది. నన్ను చూసి తల దించుకుంది. దాన్ని చూశాక సంచిలో చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. ఎవరి తప్పూ లేదని ఎన్ని కాగితాలు చెప్పినా ఆ ఇంట్లో తప్పుకు ఒక మనిషి కావాలి. మనిషి దొరక్కపోతే వాళ్లు వెతకడం మానరు. ఎదురుగా నా చెల్లెలు నిలబడి ఉంది.

"ఖాలా, యమున డాక్టర్ చెప్పింది నిజమే. మీ నోట్ల ఉన్నది, దీని నోట్ల ఉన్నది ఒకటే మందు. పెట్టిన చెయ్యి ఒకటి కాదు" అన్నాను. "మీకు పెట్టిన సాబ్ మంచిగ నూరి, గుడ్డల ఏసి పిండి, ఎక్కువైన పాదరసం తీసేసి పెట్టిండు. నేనప్పుడు కొత్త. ఎడమ పక్కది నేనే పెట్టిన. సరిగ్గ కలుపరాలే, పాదరసం ఎక్కువ పడ్డది. కుడి పక్క రెండు మా పెద్ద డాక్టర్ కిషన్ రావు సార్ పెట్టిండు, వాటికేం ఫికర్ లేదు. చెడ్డది ఒక్కటే ఉండె, దాన్ని యమున తీసేసింది. ఇగ దీని నోట్ల ఏం లేదు. దీంట్ల గుడ ఏం లేదు. తప్పంత నాదే."

నీకు తెలుసు. మూడూ నేను పెట్టినవే. కొలిచి మూసిన క్యాప్సూల్‌ను మిషన్లో వేసి తిప్పడమే, కావాలన్నా తప్పు కలపలేం. ఇక ఫిల్లింగు పెట్టే పనికే కాలేజీలో నాకు మెడల్ ఇచ్చారు, నువ్వు మొహం మాడ్చుకుని చప్పట్లు కొట్టావు.

బేగం బీ మొహం ఎట్లా విప్పారిందో నువ్వు చూడాల్సింది. "నేను ఎన్నడో అన్న" అంది. "సదువు సదివితె అయితదా? చేతిల షిఫా ఉండాలె. మా డాక్టర్ సాబ్ చేతిల ఉండె. నీ చేతిల లేదు బిడ్డా. అల్లా అందరికియ్యడు" అంది. ముట్టుకుంటే నయం చేసే గుణాన్ని మేం షిఫా అంటాం, మీరు హస్తవాసి అంటారు. లేదు ఖాలా, నా చేతిలో లేదు అన్నాను. ఎవరి ముందూ ఎన్నడూ అనని మాట అది. నోటికి రావడానికి చాలా కష్టమైంది. తర్వాత ఆమె అన్నవి రాయను. నా చెయ్యిని అంది, నా కాలేజీని అంది, నా వంశాన్ని అంది, ఇంకా చాలా అన్నది. నువ్వు కూడా నన్ను అంత బాగా ఎప్పుడూ తిట్టలేదు. పక్కింటివాళ్లను పిలిచి మరీ అంది. చివరికి కోడలితో, "నువ్వేం పరేషాన్ కాకు, పోయి పండుకో" అంది. ఆ ఒక్క మాట కోసం మిగతావన్నీ నిలబడి విన్నాను.

నాజియా ఆటో దాకా వచ్చింది. "ఆపా, ఆ వీడియో అత్తమ్మకు చూపించింది నేనే" అంది. నాకు అర్థం కాలేదు. "మొదటిది పోయినప్పుడు నేను నడిచే తీరు మంచిగ లేదన్నరు. రెండోది పోయినంక నా అడుగే మంచిది కాదన్నరు, ఇంకో పిల్లను చూస్తమన్నరు. గప్పుడు ఫోన్ల గది కనవడ్డది. పంటి మీదికి పోతె నా మీదికి రాదు గద అనుకున్న. నువ్వు నర్సంపేటల ఉంటవు, నిన్నేమంటరు అనుకున్న. మల్ల నీ ఫోన్ ఎత్తుదామంటె మొఖం చెల్లలే. పన్ను తీపిచ్చుకునేటప్పుడు గుడ భయమయ్యింది, వద్దంటె మల్ల నా మీదికొస్తదని ఊకున్న" అంది.

నాకు కోపం రావాలి. రాలేదు. ఆటోవాడు హారన్ కొట్టేదాకా దాన్ని పట్టుకుని ఏడ్చాను.

యమునా, పేషెంట్లు బుద్ధిలేనివాళ్లని నువ్వూ నేనూ ఎన్నిసార్లు నవ్వుకోలేదు. ఆ పిల్ల తలదాచుకోవడానికి ఒక చిన్న చూరు వెతుక్కుంది. మనం ఇద్దరం పెద్ద డాక్టర్లం కలిసి, అది శాస్త్రం ప్రకారం తప్పని నిరూపించి, పీకి పారేశాం. ఇప్పుడు దాన్ని మళ్లీ కప్పాను. బేగం బీ నిన్ను అడుగుతుంది. నా చెయ్యి మంచిది కాదనే చెప్పు. నీకు అదేమంత కష్టం కాదు.

ఫర్జానా


వరంగల్,
జనవరి 10.

ఫర్జానా,

అడిగింది. నవంబర్‌లో పళ్లు శుభ్రం చేయించుకునే వంకతో వచ్చి, "మీ క్లాసుల ఆమె ఎట్లుండె?" అని అడిగింది. "చేతులు వణుకుతుండె" అన్నాను. నీ మెడల్ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. కష్టం కాదని రాశావు. కష్టమే అయింది.

ఆ వీడియో తీసేశాను. దాని బదులు, కడుపుతో ఉంటే డాక్టరు దగ్గర దాచవద్దని, బాగున్న ఫిల్లింగును పీకించుకోవద్దని ఒకటి పెట్టాను. ఎవరూ చూడడం లేదు. 'ఇక్కడ మెటల్ పెట్టబడదు' అన్న బోర్డు మాత్రం తీయను. మెటల్ నా క్లినిక్‌లోకి రాదు. ఆ విషయంలో నువ్వు మొండిదానివి, మారవు, నేను చెప్పడం దండగ.

నిన్న పొద్దున నాజియాకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండే పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. అమాన్ ఫోన్ జేబులో పెట్టి పిల్లను ఎత్తుకున్నాడు. పాపం, మెడ ఎట్లా పట్టాలో తెలియక అట్లాగే బిగుసుకుపోయి నిలబడ్డాడు.

నేను వార్డుకు వెళ్లేసరికి బేగం బీ చుట్టూ జనం. "చెడ్డ చేతి పన్ను తీపిచ్చినం, బిడ్డ దక్కింది" అని అందరికీ చెబుతోంది. నన్ను చూడగానే లేచి వచ్చి, "గీ డాక్టరమ్మ చేతిల షిఫా ఉన్నది" అని నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. తెలియక కడుపుతో ఉన్న పిల్ల నోట్లో డ్రిల్లు పెట్టిన చేతులవి. ఫలానా నర్సంపేట డాక్టరు దగ్గరికి మాత్రం పోవద్దని పక్క మంచాల వాళ్లకు నీ పేరు పెట్టి చెప్పింది. నేను తల ఊపుతూ నిలబడ్డాను. నాకు సిగ్గేసింది, ఫర్జానా. నువ్వు నన్ను అన్నవన్నీ ఒకెత్తు, ఆమె పొగడ్త ఒకెత్తు.

పిల్లకు మొదటిసారి తేనె నాకించడానికి మంచి చెయ్యిగల మనిషి కావాలని చూశారు. నాజియా నీ పేరు చెప్పలేదు, చెప్పినా లాభం లేదని దానికి తెలుసు. ఆ పని నన్ను చేయమన్నారు. నువ్వు వచ్చేదాకా ఆగుదామని ఏదో వంక చెప్పబోయాను. బేగం బీ వినలేదు. వేలితో తేనె నేనే పెట్టాను. నాజియా మంచం మీదినుంచి నన్ను చూస్తూ ఉంది.

జనం తగ్గాక నాజియా అత్తతో, "ఆరో దినం ఛట్టీకి ఆపాను పిలుస్త" అంది. అడగలేదు, చెప్పింది. ఆ పిల్ల ఆ ఇంట్లో అట్లా మాట్లాడడం నేను మొదటిసారి విన్నాను. బేగం బీ పసిదాని తల మీద గుడ్డ సర్దుతూ అంది:

"రమ్మను. పెద్దమ్మ గద, ఎత్తుకోని. పిల్ల నోట్ల మాత్రం చెయ్యి పెట్టొద్దను."

యమున